ముందు పడవ, తర్వాతే మిగతావన్నీ

పోయిన సంక్రాంతికి మా ఇంట్లో ట్రిప్ ప్లాన్ చేసే పని నా నెత్తిన పడింది. "ఇంజనీరింగ్ చదువుతా ఉండావు గదా, ఈ మాత్రం లెక్క కట్టలేవా?" అన్నాడు పెద్దనాన్న. పదకొండు మందిమి. డెబ్బై దాటిన మా జేజి నుంచి అన్నావదినల మూడేళ్ళ బుడ్డోడి దాకా అందరూ ఉన్నారు. రెండు రోజులు, రెండు కార్లు. ఎక్కడికి పోవాలన్నది ముందే జేజి తేల్చేసింది. పులికాట్ సరస్సులో ఒక చిన్న దీవిలో వాళ్ళక్కని ఇచ్చారట. పెళ్ళికి ముందు జేజి ఏటా పడవెక్కి అక్కడికి పోయేదట. అక్క పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు జేజికి మోకాళ్ళ ఆపరేషన్ చేయాలంటున్నారు. "ఆపరేషన్ అయినాక నేను పడవ ఎక్కేదీ లేదు, దిగేదీ లేదు. ఒకసారి చూపించండిరా," అంది.

నేను ఒక్క రాత్రిలో ఎక్సెల్ షీట్ రెడీ చేశాను. పొద్దున నేలపట్టులో పక్షులు, మధ్యాహ్నం సూళ్లూరుపేటలో భోజనం, మూడు గంటలకి పడవ, దీవిలో గంటసేపు, సూర్యాస్తమయం చూస్తూ తిరుగు ప్రయాణం. ఇన్‌స్టా రీల్‌కి సరిపోయే ప్లాన్. గర్వంగా నాన్నకి చూపించాను. నాన్నకి ఈత రాదు, నీళ్ళంటే భయం. షీటంతా చూసి ఒకే మాట అడిగాడు.

"మూడింటికి ఎక్కుతాం, సరే. ఆ పడవ రాకపోతే తిరిగొచ్చేది ఎట్టా?"

నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు వెతుక్కోవడం గురించి. పడవతో మొదలయ్యే ఫ్యామిలీ ట్రిప్ ప్లాన్ చేయడం బస్సు ట్రిప్ ప్లాన్ చేసినట్టు కాదని నాకు అర్థమైన సంగతులు రాస్తున్నాను. దీవి పేరు మాత్రం రాయడం లేదు. చివర్లో ఒక పడవాయన గురించి చెప్పాలి, ఆయన్ని ఇబ్బంది పెట్టాలని నాకు లేదు.

ముందు ఆ సరస్సు గురించి నాలుగు ముక్కలు

పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు. నిజానికి పూర్తి ఉప్పునీళ్ళు కావు. కాళంగి, ఆరణి లాంటి నదుల మంచినీళ్ళు, బంగాళాఖాతం నీళ్ళు కలిసిన చప్ప ఉప్పు. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, కొంత తమిళనాడులో. సరస్సుకీ సముద్రానికీ మధ్య అడ్డుగోడలా పడుకున్న ఇసుక దీవే శ్రీహరికోట. 1971 నుంచి అక్కడ రాకెట్లు ఎగురుతున్నాయి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట, తడ తిరుపతి జిల్లాలోకి పోయాయి. మా ఇంట్లో మాత్రం ఇంకా "మన నెల్లూరు తీరం" అనే అంటారు. నాకూ అదే అలవాటు.

సరస్సు సగటు లోతు దాదాపు మీటరే. ఈ ఒక్క అంకె చూసి చాలామంది మోసపోతారు, నేనూ మోసపోయాను. మీటరు నీళ్ళలో ఏమవుతుందిలే అనుకున్నాను. లోతు తక్కువ ఉన్న వెడల్పాటి నీళ్ళ మీద గాలి వీస్తే అలలు పొట్టిగా, నిటారుగా, దగ్గర దగ్గరగా లేస్తాయి. చిన్న పడవని అవి ఊపినంతగా సముద్రంలోని పొడవాటి అలలు ఊపవు. పైగా అంతటా మీటరే ఉండదు. పడవలు నడిచే చాళ్ళలోనూ, సముద్రం కలిసే ముఖద్వారాల దగ్గరా లోతు ఎక్కువ. అడుగున మెత్తటి బురద. చీర కట్టుకున్న పెద్దామె, చంకలో పిల్లాడున్న తల్లి ఆ బురదలో నిలబడగలరా? సగటు లోతు అనేది సగటు మార్కు లాంటిది. క్లాసు సగటు అరవై అని మన సబ్జెక్టు పాసవదు కదా.

ఈ సరస్సులో ఇరకం లాంటి దీవుల జనానికి పడవే బస్సు. తడ దగ్గర భీములవారిపాళెం రేవు నుంచి ఇరకానికి పడవలు పోతాయి. ఎన్నికలప్పుడు పోలింగ్ సిబ్బంది, యంత్రాలు కూడా పడవలోనే వెళ్తాయి. బడి పిల్లలు, జబ్బు చేసినవాళ్ళు, గ్యాస్ సిలిండర్లు, చేపల బుట్టలు అన్నీ అందులోనే. మనం సరదాకి ఎక్కే పడవ వాళ్ళ బతుకు అని గుర్తుంటే, రేవులో మన ప్రవర్తన దానంతటదే మారుతుంది.

జేజి చిన్నప్పుడు బకింగ్‌హాం కాలువ మీద కూడా పడవలు నడిచేవి. 1806లో మద్రాసు దగ్గర మొదలైన ఆ కాలువ మెల్లగా ఉత్తరానికి పెరిగి, నెల్లూరు తీరమంతా దాటి, కృష్ణా డెల్టా కాలువలతో కలిసింది. 1876-78 కరువు కాలంలో కరువు పనుల కింద కొంత తవ్వారు. 1878లో అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరు పెట్టారు. మన వైపు ఉప్పు, సరుగుడు కట్టెలు ఆ కాలువలోనే మద్రాసుకి పోయేవి. రోడ్లు, రైళ్ళు వచ్చాక కాలువ పూడిపోయింది, పడవ భయం పెరిగింది. జేజికి పడవంటే భయం లేదు, నాన్నకి ఉంది. ఒకే ఇంట్లో రెండు తరాల తేడా.

వెనక నుంచి ముందుకి లెక్క

నాన్న ప్రశ్నతో బుర్ర తిరిగి పడుకున్నాను. పొద్దున లేచాక గుర్తొచ్చింది, ఇది మనం చదువుకున్నదే. క్రిటికల్ పాత్ మెథడ్, సీపీఎం. (పార్టీ కాదు, సబ్జెక్టు.) పరీక్షలో ముందు నుంచి వెనక్కి ఒకసారి, వెనక నుంచి ముందుకి ఒకసారి లెక్క కడతాం గుర్తుందా? ముందు నుంచి కడితే ఏ పని ఎంత తొందరగా మొదలవుతుందో తెలుస్తుంది. వెనక నుంచి కడితే ఏ పని ఎంత ఆలస్యమైనా కొంప మునగదో తెలుస్తుంది. ఈ రెండింటి తేడానే ఫ్లోట్. ఎంత మంచి పేరు చూడండి, తేలడం!

నా మొదటి ప్లాన్‌లో నేను ముందు నుంచే లెక్క కట్టాను. అసలు మొదట అడగాల్సింది "ఎప్పుడు బయల్దేరాలి" అని కాదు, "చిట్టచివరగా ఎప్పటికల్లా గట్టున ఉండాలి" అని.

జనవరి మధ్యలో మన దగ్గర ఆరింటికల్లా పొద్దు గూకుతుంది. చీకట్లో చిన్న పడవ ఎక్కకూడదన్నది మొదటి షరతు. మధ్యాహ్నం దాటేకొద్దీ సముద్రం గాలి పెరుగుతుంది కాబట్టి, ఆలస్యమైనా రెండింటికల్లా దీవి నుంచి తిరుగు పడవ కదలాలన్నది రెండో షరతు. పడవ ప్రయాణం గంటకి కాస్త అటూ ఇటూ అని ఫోన్‌లో చెప్పారు. జేజి నడకతో దీవిలో రెండు, రెండున్నర గంటలు కావాలి. అక్కణ్ణుంచి వెనక్కి వస్తే ఎనిమిదింటికి పడవ ఎక్కితే పదకొండున్నరకే పని అయిపోతుంది. గడువు రెండు గంటలు. అంటే చేతిలో రెండున్నర గంటల ఫ్లోట్. నెల్లూరు నుంచి తడ వైపు నూరు కిలోమీటర్లు దాటి ఉంటుంది, ఎన్‌హెచ్-16 మీదే. దారిలో టిఫినుకి ఆగినా అయిదింటికి ఇల్లు వదిలితే చాలు.

ఇప్పుడు పాత ప్లాన్‌కి అదే లెక్క కట్టి చూశాను. మూడింటికి పడవ, నాలుగింటికి దీవి, ఐదింటికి తిరుగు ప్రయాణం, ఆరింటికి గట్టు. ఫ్లోట్ సున్నా. పడవ పది నిమిషాలు లేటయితే చీకటి. నా ఎక్సెల్‌లో రంగులు బాగున్నాయి గానీ, అది ప్లాన్ కాదు, ఆశ.

అక్కడ నాకు దొరికిన సూత్రం ఇదే. ట్రిప్‌లో మన చేతిలో లేని భాగం ఏదో, దాన్ని మొట్టమొదట పెట్టాలి. కారు మన చేతిలో ఉంది. నేలపట్టు ఎక్కడికీ పోదు. హోటల్ రాత్రి పదింటికైనా తలుపు తీస్తుంది. పడవ ఒక్కటే గాలి మాట, పడవాయన మాట, రేవులో జనం మాట వింటుంది, మన మాట వినదు. అందుకే ముందు పడవ, తర్వాతే మిగతావన్నీ.

ఏ నెల, ఏ రోజు

మన తీరానికి వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో పడతాయి. వాయుగుండాలు, తుఫానులు కూడా అప్పుడే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను మన తీరాన్ని రాసుకుంటూ పైకి పోయి, డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. నెల్లూరు వాళ్ళకి ఆ రెండు రోజులు బాగా గుర్తే. కాబట్టి ఆ మూడు నెలల్లో పడవ ట్రిప్ పెట్టుకుంటే క్యాన్సిల్ అయ్యే అవకాశం కూడా టికెట్ ధరలో కలుపుకోవాలి. వేసవిలో నీళ్ళు తగ్గిపోతాయి, కొన్నిచోట్ల పడవ నేలకి తగులుతుంది, ఎండ చెప్పక్కర్లేదు. జనవరి, ఫిబ్రవరి నెలలే మేలు. నీళ్ళు నిండుగా, పక్షులు మెండుగా ఉంటాయి. సూళ్లూరుపేట ఫ్లెమింగో ఫెస్టివల్ కూడా జనవరిలోనే పెడుతుంటారు. 2025లో జనవరి 18 నుంచి 20 దాకా జరిగింది. పండగ రోజుల్లో చూడ్డానికి బాగుంటుంది గానీ రేవులో జనం కూడా అంతే ఉంటారు.

కనుమ నాడు పోదామన్నాను. జేజి ఒప్పుకోలేదు. "కనుమ నాడు కాకి కూడా కదలదు, మనం కదిలేదా?" అంది. సరే, ముక్కనుమ నాడు.

వాతావరణానికి రెండు చోట్ల చూశాను. ఒకటి వాతావరణ శాఖ మత్స్యకారులకి ఇచ్చే హెచ్చరిక. రెండోది హైదరాబాదులోని ఇన్‌కాయిస్ ఇచ్చే గాలి, అలల అంచనా. జాలర్లు వేటకి పోవద్దన్న రోజు మనం విహారానికి పోకూడదు. "కృష్ణపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు" అని పేపర్లో కనిపిస్తే ఇక చర్చే లేదు. ముందురోజు సాయంత్రం ఒకసారి, బయల్దేరే ముందు ఒకసారి చూడాలి. చివరగా రేవులో ఉన్న ముసలి జాలరిని అడగాలి. ఆయన యాప్ కన్నా ఎప్పుడూ అప్‌డేటెడ్.

పడవ ఎందుకు తిరగబడుతుంది?

ఇది మన వాళ్ళకి ఇష్టమైన భాగం. ఒక చిన్న పడవ ఊహించుకుందాం. పొడవు 8 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు, గోడ ఎత్తు 60 సెంటీమీటర్లు, సొంత బరువు ఒక టన్ను. నీటి మట్టం దగ్గర అది పరుచుకున్న వైశాల్యం సుమారు 11 చదరపు మీటర్లు. 60 కిలోల మనిషి ఒకరు ఎక్కితే పడవ ఎంత మునుగుతుంది? ఆర్కిమెడిస్ ప్రకారం 60 లీటర్ల నీళ్ళని పక్కకి తొయ్యాలి. దాన్ని 11తో భాగిస్తే దాదాపు ఐదున్నర మిల్లీమీటర్లు. అంతే!

ఇరవై మందితో నిండిన పడవలోకి ఇంకో ఐదుగురు ఎక్కితే మూడు సెంటీమీటర్ల లోపే మునుగుతుంది. అసలు ప్రమాదం ఇక్కడే దాక్కుంది. మన కంటికి ఏ తేడా తెలియదు. "చూడు, ఏమన్నా మునిగిందా?" అంటాడు పక్కవాడు. నిజమే, మునగలేదు. పడవలు ఇలాంటప్పుడు బరువుకి నేరుగా కిందికి మునగడం తక్కువ, పక్కకి ఒరిగి నీళ్ళు తాగడమే ఎక్కువ.

ఒరగడం దేని మీద ఆధారపడుతుంది? పడవ, మనుషుల మొత్తం గరిమనాభి ఎంత ఎత్తులో ఉందన్న దాని మీద. ఒరిగినప్పుడు పడవని మళ్ళీ నిలబెట్టే బలానికి ఒక ఎత్తు ఉంటుంది, దాన్ని మెటాసెంటర్ అంటారు. గరిమనాభి దానికి ఎంత కింద ఉంటే అంత భద్రం. మనుషులు లేచి నిలబడితే గరిమనాభి పైకి పోతుంది. మనుషులు ఎక్కువైతే పడవ సొంత బరువుతో పోలిస్తే మనుషుల బరువుదే పెత్తనం అవుతుంది, గరిమనాభి ఇంకా పైకి పోతుంది. అదే సమయంలో మొత్తం బరువు పెరిగేకొద్దీ మెటాసెంటర్ కిందికి దిగుతుంది. రెండూ దగ్గరవుతాయి.

నేను రఫ్‌గా లెక్క కట్టాను. ఇరవై మంది బుద్ధిగా కూర్చున్నప్పుడు ఐదుగురు మధ్య నుంచి ఒక అంచుకి, అంటే ఒక మీటరు, జరిగితే ఆ వైపు అంచు 15 సెంటీమీటర్లు దిగుతుంది. అంచు నీటికి 40 సెంటీమీటర్ల పైన ఉంది కాబట్టి ఫరవాలేదు. ఇప్పుడు ఇరవై ఐదు మంది. ఎవరో "అదిగో ఫ్లెమింగోలు!" అన్నారు. అందరూ లేచారు, పదిమంది ఫోన్లు తీసుకుని ఒక పక్కకి వచ్చారు. అదే సూత్రం ప్రకారం అంచు అర మీటరు పైగా దిగాలి. ఉన్నది 38 సెంటీమీటర్లు. అంటే సూత్రం చెప్పిన చోటికి చేరేలోపే నీళ్ళు లోపలికి వచ్చేస్తాయి. లోపలికి వచ్చిన నీళ్ళు కూడా ఆ పక్కకే పారతాయి. తర్వాత జరిగేది సెకన్లలో జరుగుతుంది.

ఐదుగురు ఎక్కువైతే ప్రమాదం నాలుగో వంతు పెరుగుతుందని మన మనసు అనుకుంటుంది. లెక్క అలా చెప్పదు. పెరిగిన ఐదుగురు, నిలబడడం, పక్కకి రావడం అన్నీ ఒకదాన్ని ఒకటి హెచ్చిస్తాయి.

నాన్న భయం ఊరికే వచ్చింది కాదు. 2011 డిసెంబరు 25న ఇదే పులికాట్‌లో తమిళనాడు వైపు పడవ మునిగి 22 మంది చనిపోయారు. క్రిస్మస్ సెలవుకి సరదాగా వచ్చిన వాళ్ళు. 2017 నవంబరు 12న కృష్ణా నదిలో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. ఎక్కువమంది మన పక్కనున్న ఒంగోలు వాళ్ళు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరద మీద ఉన్నప్పుడు కచ్చులూరు దగ్గర పెద్ద పర్యాటక పడవే మునిగింది. మూడూ విహార యాత్రలే. మూడింట్లోనూ ఇంటి దగ్గర ఎవరో ఒకరు మనలాగే ప్లాన్ వేసి ఉంటారు.

మనుషులు, జాకెట్లు, సంచులు

లెక్క తేలాక ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి కొన్ని మాటలు అనుకున్నాం. రేవులో అనుకుంటే మొహమాటం అడ్డొస్తుంది, అందుకే ఇంట్లోనే.

లైఫ్ జాకెట్ అందరికీ. వేసుకోవాలి, ఒళ్ళో పెట్టుకోవడం కాదు. పెద్దవాళ్ళ జాకెట్ మూడేళ్ళ పిల్లాడికి పనికిరాదు, నీళ్ళలో పడితే జాకెట్ పైకి, పిల్లాడు కిందికి. బుడ్డోడి సైజు జాకెట్ వదిన ఆన్‌లైన్‌లో తెప్పించింది. పట్టీలు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. గడ్డం దాటి పైకి రాకపోతే సరిపోయినట్టు. జేజి మొదట "చీర మీద ఇదేందిరా" అని నవ్వింది, తర్వాత బుడ్డోడికి వేసినప్పుడు తనూ వేయించుకుంది.

సంచులు తగ్గించాలి. పులిహోర, దద్దోజనం, మంచినీళ్ళు, జేజి మాత్రలు, ఒక తువ్వాలు. దీవిలో తాగే నీళ్ళు వాళ్ళకే కష్టంగా దొరుకుతాయి, మనం పోయి అడగకూడదు. ఫోన్లు, మాత్రలు జిప్ కవర్లో. ప్లాస్టిక్ ఏదైనా తీసుకుపోయినట్టే తిరిగి తెచ్చుకోవాలి.

ఎవరు ఎక్కడ కూర్చోవాలో కూడా ముందే అనుకున్నాం. జేజి మధ్యలో, కింద. ఈత వచ్చిన నేను, అన్న, బాబాయి చెరో వైపు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఒక్కొక్కరే. గట్టు నుంచి పడవలోకి అడుగు వేసే ఆ ఒక్క క్షణమే మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి అన్నిటికన్నా కష్టం. జేజి కోసం చిన్న ప్లాస్టిక్ స్టూలు తీసుకుపోయాం. అన్ని వస్తువుల్లోకి ఎక్కువ పనికొచ్చింది అదే.

చివరి నియమం నాన్నది. "మనలో ఏ ఒక్కరు వద్దన్నా, ఎందుకని అడక్కుండా అందరం దిగాల." అందరం సరేనన్నాం. అప్పుడు అది ఆయన కోసమే పెట్టుకున్నాడని లోపల్లోపల నవ్వుకున్నాం.

ఆ రోజు

పోయేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. పడవలో పదహారు మంది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. దూరంగా రాజహంసలు గులాబి గీతలా కనిపించాయి. నాన్న పడవ అంచుని రెండు చేతులతో పట్టుకుని గంటసేపు అట్టానే కూర్చున్నాడు. జేజి మాత్రం చెయ్యి నీళ్ళలో పెట్టింది.

వాళ్ళక్క ఇల్లు లేదు. ఆ చోట ఇంకెవరిదో కొత్త డాబా ఉంది. పక్కింటామె "ఎవురు కావాల పెద్దమ్మా?" అని అడిగి, అక్క పేరు చెప్పగానే లోపలికి పిలిచి కుర్చీ వేసింది. వాళ్ళమ్మకి జేజి అక్క తెలుసట. ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. మేం దూరంగా వేపచెట్టు కింద పులిహోర తిన్నాం. జేజి ఏడుస్తుందేమో అని అమ్మ భయపడింది. ఏడవలేదు. వచ్చి, "ఇంక పోదాం పాండి," అంది.

పదకొండు ముప్పావుకి రేవుకి వచ్చాం. తిరుగు పడవ రెడీగా ఉంది. మేం పదకొండు మందిమి ఎక్కి కూర్చున్నాం. తర్వాత ఇంకో కుటుంబం, తర్వాత కొందరు కుర్రాళ్ళు, బుట్టలతో ఇద్దరు ఆడవాళ్ళు. లెక్కపెట్టాను, ఇరవై ఏడు. పడవాయన "ఇంకో నలుగురే అన్నా, సర్దుకోండి," అన్నాడు. ఆయన కోపంగా అనలేదు, మంచిగానే అన్నాడు. డీజిల్ ఖర్చు, పండగ రోజులు, ఆయన బాధ ఆయనది.

ఇప్పుడు నిజం చెప్పాలి. లెక్క కట్టినవాణ్ణి నేను. అంచు ఎంత దిగుతుందో తెలిసినవాణ్ణి నేను. కానీ నా నోరు పెగల్లేదు. ఇంతమందిలో లేచి "మేం దిగుతాం" అంటే ఏమనుకుంటారో అనిపించింది. కుర్రాళ్ళు నవ్వుతారనిపించింది. నాన్న వైపు చూశాను. ఆయన కూడా మొహమాటపడుతున్నాడు. అప్పుడు వదిన బుడ్డోణ్ణి ఎత్తుకుని, "నాకు వద్దు, దిగుదాం," అంది. అంతే. ఎందుకని ఎవరూ అడగలేదు. స్టూలు వేసి ముందు జేజిని దించాం. వెనక ఎవరో "ఏం కాదులే అక్కా" అన్నారు. ఒక కుర్రాడు నవ్వాడు కూడా.

ఆ పడవ పోయింది. చిన్నదై, చుక్కై, అవతలి గట్టుకి క్షేమంగా చేరింది. ఏమీ కాలేదు. మేం ఎండలో గంటన్నర కూర్చుని, ఒంటి గంట దాటాక ఇంకో పడవలో పదిహేను మందితో వచ్చాం. గాలి అప్పటికే కొంచెం లేచింది, నాలుగుసార్లు నీళ్ళు మీద పడ్డాయి. రెండు పావుకి గట్టున ఉన్నాం.

"చూశారా, వాళ్ళు బాగానే పోయారు," అన్నాడు బాబాయి. ఆ మాట మీద నేను చాలా ఆలోచించాను. ఎక్కువ మందిని ఎక్కించుకున్న పడవలు దాదాపు ఎప్పుడూ బాగానే చేరతాయి. అందుకే ఆ అలవాటు నిలబడుతుంది. హెల్మెట్ లేకుండా పోయినవాడు ఇవాళ క్షేమంగా ఇంటికి రావడం హెల్మెట్ అక్కర్లేదనడానికి రుజువు కాదు. మా నిర్ణయం సరైందా కాదా అన్నది ఆ పడవకి ఏమైందన్న దాన్ని బట్టి తేలదు. ఎక్కేటప్పుడు మాకు తెలిసినదాన్ని బట్టి తేలుతుంది.

ఇంకోటి కూడా అర్థమైంది. మేం దిగగలిగింది ధైర్యంతో కాదు, ఆ రెండున్నర గంటల ఫ్లోట్‌తో. పాత ప్లాన్ ప్రకారం అదే పరిస్థితి సాయంత్రం ఐదింటికి ఎదురై ఉంటే? చీకటి పడుతోంది, ఇదే ఆఖరి పడవ, అవతల కార్లు, హోటల్ బుకింగ్. వదిన వద్దన్నా మేమే సర్దిచెప్పి కూర్చోబెట్టేవాళ్ళం. ఖాళీ టైము పెట్టుకోవడం బద్ధకం కాదు. "వద్దు" అనగలిగే స్థోమత అది.

మిగతా ట్రిప్

పడవ ముందే అయిపోవడంతో తర్వాత అంతా తేలికే. ఆ సాయంత్రం సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద ఆగాం. సరస్సుని చీల్చుకుంటూ పోయే ఆ రోడ్డు మీద కారు పక్కన ఆపితే చాలు, రెండు వైపులా పక్షులే. ఆ రోడ్డు వల్లే నీళ్ళు అటూ ఇటూ సరిగ్గా పారక ఉత్తరం వైపు సరస్సు తొందరగా ఎండుతోందన్న బాధ కూడా ఉంది, సివిల్ వాళ్ళు ఆలోచించాల్సిన సంగతి. మర్నాడు పొద్దున నేలపట్టు. చెరువులోని కడప చెట్ల మీద గూడబాతులు పిల్లల్ని పెంచుతుంటాయి. వాచ్ టవర్ ఎక్కకుండానే జేజికి కనిపించాయి. రాకెట్ ప్రయోగం ఉన్న రోజైతే షార్ గ్యాలరీకి ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుని పోవచ్చు, మాకు ఆ అదృష్టం లేదు.

ఇంటికొచ్చాక నాన్న నా ఎక్సెల్ షీట్ మళ్ళీ అడిగి తీసుకున్నాడు. ఆఫీసు వాళ్ళు ట్రిప్‌కి పోతున్నారట, చూపిస్తాడట. అందులో కొత్తగా ఒక కాలమ్ చేర్చి ఇచ్చాను. ప్రతి పనికీ ఎదురుగా "ఇది కుదరకపోతే?" అని.

మీరూ సెలవులకి ఎక్కడికైనా పడవ ఎక్కేట్టుంటే, పాపికొండలైనా, భవానీ ద్వీపమైనా, ఇరకమైనా, ఆ కాలమ్ ముందు నింపండి. తిరుగు పడవ నుంచి వెనక్కి లెక్క కట్టండి. దిగిపోయే నియమం ఇంట్లోనే మాట్లాడుకోండి. ఆ రోజు నోరు పెగలని ఇంజనీరు మీ ఇంట్లోనూ ఒకడు ఉండొచ్చు.

జేజి ఆపరేషన్ వచ్చే నెల. నడవడం మొదలుపెట్టాక మళ్ళీ పడవ ఎక్కుతానంటోంది.